దాస్యమును దాచని వంశచరిత్ర

కులమహాసభల సంచికలయందు వంశచరిత్ర మొకటి యుండుట పరిపాటి. పూర్వులు రాజ్యము లేలిరనియు, ఋషుల సంతతివారనియు, కాలవశమున స్థితి తప్పిరనియు అందు వ్రాయుదురు. మన మాదిగ కులమునకును అట్టి కథ లేకపోలేదు. ఆదిజాంబవుడు భూమికంటె ఆరునెలలు ముందుగా పుట్టెనని జాంబపురాణము చెప్పుచున్నది. అట్టి కథలను మేము తేలికగా చూడము. తరతరములుగా తల వంచుకొని నడువుమని చెప్పబడిన జనులకు తల యెత్తుట కొక యాధారము కావలయును. అయినను మన కులబంధువులతోను, ఈ మహాసభకు చేయూత నొసంగు పోషకమహాశయులతోను మేము విన్నవింపదలచిన మాట యొకటి కలదు. గౌరవమునకు పూర్వపు సింహాసన మొక్కటియే యాధారము కాదు. తన పూర్వులు బానిసలని పదిమందిలో బిగ్గరగా చెప్పుకొని, ఆ మాటమీదనే తన ధర్మశాస్త్రమును కట్టుకొనిన జాతి యొకటి కలదు. ఆ జాతి కథలుగల బైబిలు గ్రంథము మన పేటలలో నూటయేబది యేండ్లకు పైగా చదువబడుచున్నది.

మనలో క్రైస్తవులును, క్రైస్తవులు కానివారును గలరు. ఈ వ్యాసము మతబోధకొరకు వ్రాసినది కాదు. ఆ కథలను యజమానులు చదివిన రీతి యొకటి, దాసులు విన్న రీతి మరియొకటి. ఆ భేదమును చరిత్రమునుండి చూపుటయు, అది నేడు మనల నడుగు ప్రశ్నను మన యెదుట నుంచుటయు మా యుద్దేశము.

గంపతో నిలిచిన రైతు

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమున ఒక యాచారము విధింపబడినది. రైతు తన పొలమున తొలుత పండిన పంటను గంపలో నుంచుకొని యాజకునియొద్దకు పోవలెను. గంపను బలిపీఠము నెదుట దించి, తన వంశకథను చెప్పవలెను. ఆ కథ యెట్టిది? తన పితరుడు నిలువనీడ లేక తిరిగిన అరామీయుడు. కొద్దిమందితో ఐగుప్తునకు పోయి పరదేశిగా బ్రదికెను. అచ్చటివారు ఆతని సంతతిని బాధించి వెట్టిచాకిరి చేయించిరి. వారి మొర దేవుడు విని, విడిపించి, ఈ నేల నిచ్చెను. ఇంతియే కథ. ఇందు రాజు లేడు, యుద్ధవీరుడు లేడు, పుట్టుక గొప్ప లేదు. పంట చేతికి వచ్చి గంప నిండిన దినముననే ఆకలినాటి మాటను చెప్పవలెనని విధి. అంతటితో ఆచారము ముగియలేదు. ఆ సంతోషమున భూవసతి లేని లేవీయునకును, పరదేశికిని పాలు కల్పింపవలెను. మూడవ యేట పంటలో పదియవ పాలు వారికిని, తండ్రిలేనివారికిని, విధవలకును ఈయవలెను. కథ చెప్పుటయు, పంచిపెట్టుటయు ఒకే యాచారమున రెండు భాగములు.

నిర్గమకాండము ఆ కథనే విస్తరించి చెప్పును. అందు మొదటి అధ్యాయమున ఒక విశేషము గలదు. మగశిశువులను పుట్టగనే చంపుడని రాజు ఆజ్ఞాపింపగా ఇద్దరు మంత్రసానులు ఆ యాజ్ఞను పాటింపలేదు. వారి పేర్లు షిఫ్రా, పూయా. ఆ యిద్దరి పేర్లును గ్రంథమున నిలిచినవి. ఆజ్ఞాపించిన రాజు పేరు లేదు. ఫరో యను బిరుదు మాత్రమే కలదు. ఆ ఫరో యెవరని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. రాజుల పేర్లు చెక్కి సామాన్యుల పేర్లు విడిచిన శాసనములు లోకమున కొల్లలు. ఇచ్చట ఆ క్రమము తలక్రిందైనది.

అయిదవ అధ్యాయము వెట్టి యెరిగినవారికి వ్యాఖ్యానము లేకయే తెలియును. ఇటుకలు చేయువారికి గడ్డి యిచ్చుట మానిరి. ఇటుకల లెక్క మాత్రము తగ్గింపలేదు. గడ్డిని తామే యేరి తెచ్చుకొని మునుపటి లెక్క ఒప్పజెప్పవలెను. కొన్నిదినములు సెలవిమ్మని వేడినవారిని ఫరో సోమరులనెను. లెక్క తక్కువైనపుడు దెబ్బలు తిన్నవారు ఇశ్రాయేలీయులనుండియే యేర్పరుపబడిన పనినాయకులు. వారు మరల వచ్చి మోషేనే నిందించిరి. పనివానిని సోమరియనుటయు, వానిమీద వానివారినే కాపు పెట్టుటయు ఎంత పాత పద్ధతులో దీనివలన తెలియుచున్నది.

ఈ నిర్గమనము ఎప్పుడు, ఎట్లు జరిగెనను విషయమున చరిత్రకారులు ఏకాభిప్రాయులు కారు. క్రీస్తునకు పూర్వము 1208 ప్రాంతపుదగు మెర్నెప్తా రాజు శిలాశాసనమున ఇశ్రాయేలు అను పేరు కానవచ్చుచున్నది గాని, వారు ఐగుప్తునుండి వెడలివచ్చిన వృత్తాంతమునకు అట్టి శాసనాధారము దొరకలేదు. మేము చెప్పబోవునది ఆ కథను విన్నవారి చరిత్ర. దానికి ఆధారములకు కొరత లేదు.

జ్ఞాపకము ధర్మమైన విధము

విడుదల పొందినవారికి ఏర్పడిన ధర్మశాస్త్రమున పెక్కువిధులకు చూపిన హేతువు ఐగుప్తు దాస్యమే. కూలివానికి ప్రొద్దు గ్రుంకకమునుపే కూలి యీయవలెను. బీదవాడు తాకట్టుపెట్టిన దుప్పటిని చీకటిపడులోగా మరల నీయవలెను. కోతనాడు చేనిలో మరచిన పనకొరకు వెనుకకు పోరాదు, పరిగె బీదలది. ఏడవ యేట దాసుని విడుచునపుడు వట్టిచేతులతో పంపరాదు. యజమానుని విడిచి పారివచ్చిన దాసుని పట్టి యప్పగింపరాదు. విశ్రాంతిదినమునకు నిర్గమకాండమున చూపిన హేతువు సృష్టికర్త యేడవనాడు విశ్రమించుట. ద్వితీయోపదేశకాండమున చూపిన హేతువు వేరు: మీరు దాసులై యుంటిరి, కావున మీ దాసదాసీలును మీవలెనే విశ్రమింపవలెను.

ఈ శాస్త్రమంతయు నిర్దోషమని మేము చెప్పము. లేవీయకాండము 25వ అధ్యాయము స్వజనులను దాసులుగా నుంచుకొనరాదని చెప్పుచునే అన్యజనులను దాసులుగా కొనుటకు అనుమతించుచున్నది. కనాను దేశస్థులను వెళ్లగొట్టి ఆ నేలను గైకొన్న కథలును అదే గ్రంథమున గలవు. దాస్యము నెరిగినవారి శాస్త్రమునందును దాస్యము పూర్తిగా తొలగలేదు. ఈ సంగతిని మరుగుపరచినచో మన చదువు సగము చదువగును.

కత్తిరించిన గ్రంథము

ఈ కథల బలము నెవరు ముందుగా గుర్తించిరి? యజమానులే గుర్తించిరి. బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించిన 1807వ సంవత్సరముననే లండనునందు ఒక బైబిలు అచ్చయినది. అది వెస్టిండీసు దీవులలోని నీగ్రో బానిసల కొరకు ఏర్చి కూర్చినది. పాతనిబంధనలో పదింట తొమ్మిది పాళ్ళును, క్రొత్తనిబంధనలో సగమును అందు లేవు. ఐగుప్తునుండి విడుదలయైన కథ లేదు. పదియాజ్ఞలు మాత్రము కలవు. యోసేపు దాసుడై నమ్మకముగా పనిచేసిన కథ కలదు. ఆతని సంతతి దాస్యమును విడిచిపోయిన కథ లేదు. గ్రంథమును కత్తిరించినవారు దానిని చక్కగా చదివినవారని ఒప్పుకొనక తప్పదు. ఎచ్చట నిప్పున్నదో వారికి తెలిసినది.

అక్షరము రానివారిని మోసపుచ్చుట మాత్రము సాధ్యపడలేదు. 1833వ సంవత్సరమున అమెరికాలోని జార్జియా రాష్ట్రమున చార్లెస్ కాల్‌కాక్ జోన్సు అను బోధకుడు బానిసల సమూహమునకు ఫిలేమోనునకు వ్రాసిన పత్రికనుండి బోధించెను. పారిపోయిన దాసుడగు ఒనేసిమును పౌలు మరల యజమానునియొద్దకు పంపుటను చూపి, పారిపోవుట తప్పని చెప్పెను. వినుచున్నవారిలో సగముమంది లేచిపోయిరి. అట్టి పత్రికయే బైబిలులో లేదని కొందరు వాదించిరి. దీనిని ఆ బోధకుడే తన నివేదికలో వ్రాసికొనెను. ఒనేసిమును దాసునిగా కాక ప్రియసోదరునిగా చేర్చుకొనుమని పౌలు కోరిన భాగము ఆ పత్రికలోనే కలదు. నొక్కి చెప్పుట కేభాగమును ఏరుకొనవలెనన్నది చెప్పువాని చేతిలో నుండెను. లేచిపోవుట వినువారి చేతిలో నుండెను.

హోవర్డ్ థర్మన్ అను నీగ్రో వేదాంతి 1949లో ప్రకటించిన గ్రంథమున తన అమ్మమ్మను గూర్చి చెప్పెను. ఆమె బాల్యమున బానిస. అక్షరము రాని యామెకు మనుమడు బైబిలు చదివి వినిపించుచుండెడివాడు. పౌలు పత్రికలను మాత్రము ఆమె చదువనిచ్చెడిది కాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ప్రేమాధ్యాయము ఒక్కటి అప్పుడప్పుడు వినెడిది. యజమానుని బోధకుడు దాసులు లోబడియుండవలెనను మాటలనే మరలమరల చదివెననియు, విడుదలయైనచో తానా భాగమును విననని బాల్యముననే నిశ్చయించుకొంటిననియు ఆమె చెప్పినది. ఇది గ్రంథద్వేషము కాదు, చదువురానివారి విమర్శ. 1849లో దాస్యమునుండి తప్పించుకొని, పిమ్మట మరలమరల ప్రాణమునకు తెగించి వెనుకకు పోయి డెబ్బదిమంది వరకు దాసులను విడిపించి తెచ్చిన హారియెట్ టబ్‌మన్‌ను ఆ జనులు మోషే యని పిలిచిరి. కత్తిరించిన కథ మనుష్యరూపమున నడచివచ్చినది.

ఒంగోలు సీమలో

ఇట్టి చదువే సముద్రముల కీవల మన సీమయందును జరిగినది. యర్రగుంట్ల పేరయ్య మన కులమువాడు, తోళ్ళ వ్యాపారి. రాజయోగమార్గమున నడచి, గురువుల నాశ్రయించి, తృప్తి కానక తానై వెదకుచు వచ్చినవాడు. 1866లో బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే అమెరికను బాప్తిస్టు మిషనువాడగు జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలున నివాస మేర్పరచుకొనెను. దొర వచ్చి పేరయ్యను మేల్కొలిపెనని చెప్పుట వాడుక. పేరయ్య అప్పటికే మేల్కొని యుండెనని మేము చెప్పుదుము.

అగ్రవర్ణములవారు తమ పిల్లలను మిషను బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామని వారు దొరకు తెలిపిరి. ఎవరిని విడువవలెను? దొర చెప్పుకొన్న వృత్తాంతము ప్రకారము, ఆతడును ఆతని భార్యయు వేర్వేరు గదులలో కూర్చుండి వేర్వేరుగా బైబిలు తెరవగా ఇద్దరి కన్నులును ఒకే భాగముమీద పడినవి. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము: లోకమున ఘనులను కాక, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగము. దొర మనవారిని చేర్చుకొనెను. గొప్పయింటి పిల్లలు బడి విడిచిపోయిరి. ఒక అధ్యాయమును ఏ కన్నుతో చదువవలెనను ప్రశ్నమీద ఒక సీమ చరిత్ర మలుపు తిరిగినది.

చేరినవారికి దొర విధించిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. దొర వీనిని భక్తినియమములుగా నెంచియుండవచ్చును. కపిలతోలుటకు తొండము కుట్టియిచ్చుటయు, డప్పు కొట్టుటయు, పిలిచిన వేళ పోవుటయు పుట్టుకతో వచ్చిన విధిగా గల పల్లెలలో అవి వేరుగా వినబడినవి. ఏడుదినములలో ఒకదినము నాది యనుట వెట్టివానికి మొదటి హక్కు. అమ్మవారి జాతరకు డప్పు కొట్టమనుట పెత్తందార్లకు తిరుగుబాటుగా తోచినది. మనవారిని పనులనుండి తొలగించి బాధించిరి. విశ్రాంతిదినమునకు దాస్యవిమోచనమే హేతువని చెప్పిన ద్వితీయోపదేశకాండము అక్షరాల ఒంగోలు పల్లెలలో నెరవేరినది.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు మహాక్షామము. క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలకొలది జనులకు పని కల్పించెను. మన కులపు బోధకులు అచ్చట పని చూచుచు, అలసినవారు కూర్చున్నవేళ వారినడుమ కూర్చుండి, శ్రమపడి బరువులు మోయువారిని యేసు తనయొద్దకు పిలిచిన మాటను చెప్పుచుండిరి. మట్టితట్ట తలమీద నున్నవానికి ఆ మాట ఉపమానము కాదు. కరవుసాయము సాగినంతకాలము దొర బాప్తిస్మముల నిలిపివేసెను. అన్నముకొరకు వచ్చిరను మాట పడకూడదని ఆతని యాలోచన. సాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చుటకు ఏమియు మిగులని దినమున అంతమంది వచ్చిరి. వారు కోరినది గంజి మాత్రమే కాదనుటకు ఇంతకన్న సాక్ష్య మేమి కావలయును?

ఈ వృత్తాంతము లోకమునకు తెలియుటకు కారకురాలు ఎమ్మా రౌషెన్‌బుష్. ఆమె 1894లో క్లౌ దొరను వివాహమాడినది. చెప్పులు కుట్టు మన పెద్దల కథలను విని 1899లో ఒక గ్రంథము ప్రకటించినది. దొర 1910లో మరణించిన పిదప ఆతని జీవితవృత్తాంతమును 1914లో అచ్చువేయించినది. దాని పేరున సామాజిక క్రైస్తవమను మాట కలదు. ఆమె సోదరుడగు వాల్టర్ రౌషెన్‌బుష్ న్యూయార్కు నగరపు కూలిపేటలయొద్ద పాదిరిగా పనిచేసి, 1907లో క్రైస్తవమతమును, సామాజిక సంక్షోభమును గూర్చి ప్రసిద్ధగ్రంథమును వ్రాసినవాడు. ప్రవక్తల మాటలు కూలికి, అద్దెకు, అన్నమునకు సంబంధించినవని ఆతడు బోధించెను. తమ్ముడు న్యూయార్కున పనివారి బ్రదుకు చూచి ఆ గ్రంథమును చదివెను. అక్క ఒంగోలున మన బ్రదుకు చూచి చదివినది. ఈ సంబంధమును మనవారు తెలిసికొనదగును.

విడుదల పొందినవారి పరీక్ష

కథ ఇచ్చట ఆగినయెడల అది మనకు సంతోషకరమే. బైబిలు మాత్రము ఇచ్చట ఆగదు. విడుదలయైన జాతిలో పుట్టిన సొలొమోను ఫరో కుమార్తెను వివాహమాడెను. మందిరము కట్టుటకై ఇశ్రాయేలీయులలోనుండి 30,000 మందిని వెట్టికి పట్టి, నెలకు 10,000 మంది వంతున లెబానోనునకు పంపెను. బరువులు మోయువారు 70,000 మంది, కొండలలో రాళ్లు కొట్టువారు 80,000 మంది. ఆతడు చనిపోగా జనులు కుమారుడగు రెహబామునొద్దకు వచ్చి కాడి తేలిక చేయుమని వేడిరి. వృద్ధుల మాట త్రోసి, యౌవనుల మాట విని, ఇంకను బరువు చేయుదునని ఆతడనెను. పదిగోత్రములు విడిపోయినవి, వెట్టిమీద అధికారియగు అదోరామును జనులు రాళ్లతో కొట్టి చంపిరి. ఐగుప్తు ఎచ్చటనో లేదు. మరచినవాని యింటనే యున్నది.

క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున తెకోవ గ్రామపు పశులకాపరియగు ఆమోసు కూడ తన జనులనే నిందించెను. బీదవానిని చెప్పులజోటి వెలకు అమ్మిన వారని ఆతడు పలికెను. చెప్పుల వెల యెంతయో, వానిని కుట్టిన చేతుల వెల యెంతగా నెంచబడెనో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీయందు అరవింద్ నిర్మల్ అను వేదాంతి చేసిన యుపన్యాసము దళితవేదాంతమునకు తొలిపలుకుగా నెన్నబడుచున్నది. ఆ వేదాంతమునకు ఆతడు మూలముగా గైకొన్నది ఆ గంప రైతు కథయే. తన పితరుల యవమానమును దాచక చెప్పుకొనుటయే విడుదలకు మొదటి మెట్టని ఆతని భావము. 1989లో అమెరికాదేశపు ఆదిమజాతులలో ఒసేజ్ తెగవాడగు రాబర్ట్ అలెన్ వారియర్ మరియొక ప్రశ్న వేసెను: ఈ కథలో తమ జాతి నిలుచుచోటు ఇశ్రాయేలుది కాదు, నేల పోగొట్టుకొన్న కనానీయులది కదా యని. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. కథలో మన మెప్పుడును ఇశ్రాయేలీయులమే యని నమ్మువాడు తన వాకిట నిలిచిన కనానీయుని చూడలేడు.

మన వాకిట నిలిచినవారెవరు? జాంబపురాణమును మనకు చెప్పి బ్రదుకువారు డక్కలివారు. కిన్నెర మీటుచు మన పూర్వుల ఘనతను పాడినవారిని పేటవెలుపల నిలిపి, నీరు ఎత్తిపోసి, భిక్ష వేరుగా వేయుట మన పల్లెలలో అనుచానముగా వచ్చిన యాచారము. ఊరు మనయెడల చేసిన దానికిని దీనికిని భేద మేమి? భూవసతి లేక జాతికథను కాపాడు లేవీయునితో కలిసి భుజింపుమని ఆ రైతునకు విధింపబడినది. మన వంశచరిత్ర చెప్పువానిని లోనికి పిలువక మన వంశగౌరవమును గూర్చి మహాసభలు చేయుట యెట్లు పొసగును? మాల మాదిగలు ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చుచు, వియ్యమందుటకు వెనుదీయుటయు ఇట్టిదే.

కావున మా విన్నపములు మూడు. మొదటిది: ప్రతి పేటయందును వృద్ధులయొద్ద కూర్చుండి, వెట్టిచేసినవారి పేర్లు, కాలువ త్రవ్వినవారి పేర్లు, డప్పు కొట్టమని నిలిచినవారి పేర్లు, పురుళ్లు పోసిన మంత్రసానుల పేర్లు వ్రాసి పెట్టుడు. రాబోవు సంచికలలో రాజవంశముల కిచ్చు పుటలలో కొన్ని వారికి కేటాయింపుడు. రెండవది: మహాసభ భోజనమున డక్కలివారు మొదటి పంక్తిని మనతో కూర్చుండునట్లు కార్యనిర్వాహకులు తీర్మానింతురుగాక. మూడవది పోషకమహాశయులకు: మీ విరాళములకు మన కులము కృతజ్ఞము. మీ పొలములలోను, కార్ఖానాలలోను, మీ యిండ్లలోను పనిచేయువారికి ప్రొద్దు గ్రుంకకమునుపు కూలి ముట్టినచో ఆ విరాళము రెట్టింపగును. కథ చెప్పుటయు, పంచిపెట్టుటయు ఒకే యాచారమని గంపతో నిలిచిన రైతు మనకు చెప్పియే యున్నాడు.